మీ ప్రశ్నలు – నా జవాబులు: పంటిలోని పుల్ల, సీసాలోని వలయం

ఈ నెల వచ్చిన వాటిలో నాలుగు ఉత్తరాలు పాలిమర్ల గురించే, అంటే చిన్న అణువులు గొలుసులా వరసగా అతుక్కుంటే తయారయ్యే పెద్ద అణువుల గురించే. పాతికేళ్లు పాలిమర్ ల్యాబ్‌లో గడిపినదాన్ని కాబట్టి చదువుతుంటే చేతులు ఊరుకోలేదు. నాలుగింటినీ ఒకచోట పెట్టి రాస్తున్నాను. రెండో ఉత్తరం రాసిన అమ్మాయికి ఎక్కువ చోటు ఇచ్చాను. ఆ ప్రశ్న వెనకాల నా సగం జీవితం ఉంది.

*నాకు 66 ఏళ్లు. ఈమధ్య రూట్ కెనాల్ చేయించుకున్నాను. పంటి వేరులో గట్టాపర్చా నింపామని, అది కూడా చెట్టు పాల నుంచి వచ్చే రబ్బరు లాంటిదేనని డాక్టరమ్మ చెప్పింది. ఆవిడ చూపించిన పుల్ల గులాబీ రంగులో సన్నగా ఉంది. లాగి చూస్తే సాగలేదు. రబ్బరైతే సాగాలి కదండీ? – విశ్రాంత ఉపాధ్యాయుడు, భీమవరం*

మాస్టారూ, డాక్టరమ్మ చెప్పింది నిజమే, మీ అనుమానమూ సరైనదే. ఒక చిన్న సవరణ: ఆ పుల్లలో గట్టాపర్చా దాదాపు ఐదో వంతే ఉంటుంది. ఎక్కువ భాగం జింక్ ఆక్సైడ్. కానీ మెత్తబరిచి వేరులోకి నొక్కడానికి వీలిచ్చేది మాత్రం ఆ ఐదో వంతే.

రబ్బరు చెట్టు పాలలో ఉండే పాలిమర్, గట్టాపర్చా చెట్టు పాలలో ఉండే పాలిమర్, రెండూ పాలీఐసోప్రీనే. ఫార్ములా ఒక్కటే. పరమాణువుకి పరమాణువు లెక్క సరిపోతుంది. తేడా అంతా గొలుసులో వచ్చే ద్విబంధం, అంటే రెండు కార్బన్‌ల మధ్య ఉండే జంట బంధం, దగ్గర ఉంది. గొలుసు ద్విబంధంలోకి ఒక వైపు నుంచి వచ్చి, అదే వైపుకి బయటికి వెళ్తే దాన్ని సిస్ అంటాం. ఎదురు వైపుకి వెళ్తే ట్రాన్స్. రబ్బరు సిస్, గట్టాపర్చా ట్రాన్స్.

చీపురు పుల్లలు కట్ట కడితే ఒకదాని పక్కన ఒకటి చక్కగా ఒదుగుతాయి. చింతకాయలు అలా ఒదగవు, వంకర్ల మధ్య ఖాళీలు మిగులుతాయి. ట్రాన్స్ గొలుసులు పుల్లల్లా ఒదిగి స్ఫటికంగా గట్టిపడతాయి. సిస్ గొలుసులు వంకరగా ఉండి మామూలు వేడిమికి ఒదగవు, లాగితే సాగుతాయి, వదిలితే వెనక్కి వస్తాయి. గట్టాపర్చాని 60 డిగ్రీల దగ్గరికి వేడి చేస్తే ఆ కట్ట విడిపోయి మెత్తబడుతుంది, చల్లారితే మళ్లీ గట్టిపడుతుంది. 1866లో అట్లాంటిక్ సముద్రం అడుగున వేసిన టెలిగ్రాఫ్ కేబుల్ తీగ చుట్టూ ఉన్న తొడుగు ఇదే పదార్థం. ఇప్పుడు అది మీ పంటిలో ఉంది. నిశ్చింతగా నమలండి మాస్టారూ, డాక్టరమ్మ నమలొచ్చన్న రోజు నుంచి.

*మేడమ్, ఎమ్మెస్సీ రెండో సంవత్సరం చదువుతున్నాను. సైక్లోపెంటీన్ అనే ఒకే ద్రవం ఒక లోహంతో సిస్ పాలిమర్, ఇంకో లోహంతో ట్రాన్స్ పాలిమర్ ఇస్తుందని మా సార్ చెప్పారు. ఏది కావాలో లోహానికి ఎలా తెలుస్తుంది? పుస్తకంలో బాణం గుర్తులున్నాయి, కారణం లేదు. మా నాన్నగారు మగ్గం నేస్తారు. చేతిపనిలా చెబితే నాకు బాగా అర్థమవుతుంది. – విద్యార్థిని, మంగళగిరి*

అమ్మా, ముందు మీ సార్ చెప్పిన సంగతి. అది 1964 నాటిది. ఇటలీలో, మిలాన్‌లో జూలియో నట్టా, ఆయనతో పనిచేసేవాళ్లు సైక్లోపెంటీన్ తీసుకున్నారు. అది ఐదు కార్బన్‌ల వలయం, అందులో ఒక ద్విబంధం ఉంటుంది. మాలిబ్డినం క్లోరైడ్‌ని అల్యూమినియం సమ్మేళనంతో కలిపి వేస్తే సిస్ పాలిమర్ వచ్చింది. టంగ్‌స్టన్ క్లోరైడ్ వేస్తే ట్రాన్స్ వచ్చింది. ట్రాన్స్‌ది 18 డిగ్రీల దగ్గర కరుగుతుంది. సిస్‌ది సున్నాకి 41 డిగ్రీల కింద కరుగుతుంది. సీసా ఒకటే, పాలిమర్లు రెండు. ఎందుకలా అయిందో అప్పుడు వాళ్లకి కూడా తెలియదు. లోహం అసలు ఏ రూపంలో పనిచేస్తోందో తెలియనప్పుడు కారణం ఎలా చెప్తారు?

ఆ రూపం గురించిన సరైన ఊహ 1971లో ఫ్రాన్స్ నుంచి, ఈవ్ షోవాఁ నుంచి వచ్చింది. లోహానికి ఒక కార్బన్ ద్విబంధంతో అంటుకుని ఉంటుంది. అదే పనిముట్టు. అది వలయంలోని ద్విబంధం దగ్గరికి వస్తే లోహం, మూడు కార్బన్‌లు కలిసి నాలుగు మూలల చిన్న చట్రం ఏర్పడుతుంది. ఆ చట్రం ఇంకో దిక్కున విడిపోతుంది. వలయం చేతి గాజు విరిగినట్టు విచ్చుకుని గొలుసులో చేరుతుంది. లోహం మాత్రం ఎక్కడికీ పోదు. గొలుసు కొసన, మళ్లీ ఒక కార్బన్‌ని ద్విబంధంతో పట్టుకుని, ఇంకో వలయం కోసం కూర్చుంటుంది. మాల కట్టేటప్పుడు వేళ్లు ఎప్పుడూ ఆఖరి పువ్వు దగ్గరే ఉంటాయి కదా, అలా.

నీ ప్రశ్నకి జవాబంతా ఆ నాలుగు మూలల చట్రంలోనే ఉంది. బాణం గుర్తుల దగ్గర ఆగిపోకుండా ఆ చట్రాన్ని కాగితం మీద గీయి. లోహం పక్కనున్న ఒక కార్బన్ మీద ఇప్పటిదాకా అల్లిన గొలుసు వేలాడుతూ ఉంటుంది. పక్క కార్బన్ మీద కొత్తగా వచ్చిన వలయం తాలూకు తోక ఉంటుంది. ఆ రెండూ చట్రానికి ఒకే వైపు ఉంటే, చట్రం విడిపోయాక మిగిలే ద్విబంధం సిస్. ఒకటి పైకి, ఒకటి కిందికి ఉంటే ట్రాన్స్. లోహానికి ఏమీ 'తెలియదు' అమ్మా. ఆ రెండు తోకలు ఎటు తిరగడానికి చోటుంటే అటు తిరుగుతాయి. చోటు ఎక్కడ ఉంచాలో, ఎక్కడ మూసేయాలో నిర్ణయించేది లోహం చుట్టూ కట్టిన గుంపులు.

ఎవరూ అడ్డుపెట్టకపోతే తరచు ట్రాన్స్‌దే పైచేయి. రెండు లావుపాటి తోకలు పక్కపక్కన ఇరుక్కోవడం కంటే ఎదురెదురుగా ఉండటమే వాటికి సుఖం. నార్బోర్నీన్ అనే వలయాన్ని రుథీనియం క్లోరైడ్‌తో ఆల్కహాల్‌లో పాలిమర్ చేస్తే దాదాపు 90 శాతం ట్రాన్స్ వస్తుంది. అమెరికా రసాయన శాస్త్రవేత్త రాబర్ట్ గ్రబ్స్ చేసిన మొదటి రుథీనియం ఉత్ప్రేరకం, ఆ ఊదారంగు పొడి, అదీ ట్రాన్స్ వైపే మొగ్గుతుంది. అందుకే ఈ రంగంలో అసలు కష్టం సిస్‌ది.

ఆ కష్టాన్ని తీర్చిన మాలిబ్డినం ఉత్ప్రేరకం కథ చెప్తాను. నాకు ఈ విద్యలో అన్నిటికన్నా అందంగా కనిపించేది అదే. అమెరికాలో, ఎంఐటీలో రిచర్డ్ ష్రాక్, బోస్టన్ కాలేజీలో అమీర్ హొవేడా కలిసి ఈ జాతి ఉత్ప్రేరకాలను తీర్చిదిద్దారు. 2009లో ష్రాక్ బృందం ఈ రకం ఒకదానితో దాదాపు అంతా సిస్ అయిన పాలిమర్‌ని చూపించింది. ఈ మాలిబ్డినంకి నాలుగు చేతులు. ఒక చేతిలో గొలుసు పెరిగే కార్బన్. ఒక చేతిలో నైట్రజన్, దాని వెనక అడమాంటేన్ అనే గుండ్రటి చిన్న ముద్ద. ఒక చేతిలో పిర్రోల్ వలయం. నాలుగో చేతిలో ఆక్సిజన్, దాని చివర గొడుగు విప్పినట్టు పరుచుకున్న పెద్ద బెంజీన్ వలయాల గుంపు.

చట్రం ఏర్పడినప్పుడు ఆ గొడుగు ఒక వైపు, చిన్న నైట్రజన్ గుంపు ఇంకో వైపు వస్తాయి. గొడుగు వైపు తోకకి చోటు లేదు. రెండు తోకలూ గత్యంతరం లేక నైట్రజన్ వైపుకే తిరుగుతాయి. ఒకే వైపు తిరిగాయి కాబట్టి సిస్. ఇంతే. నైట్రజన్ మీద చిన్న గుంపు, ఆక్సిజన్ మీద భారీ గుంపు ఉండాలన్న సూత్రం చెప్పడానికి ఒక్క వాక్యం. ఆ చోటు దొరికేదాకా చేసిన ప్రయత్నాలు ఏళ్ల లెక్క.

ఇక మీ నాన్నగారి మగ్గం దగ్గరికి వస్తాను. నార్బోర్నీన్ లాంటి వలయం విచ్చుకున్నాక గొలుసులో రెండు ప్రశ్నలు ఉంటాయి. ద్విబంధం సిస్సా, ట్రాన్సా అన్నది ఒకటి. ద్విబంధాల మధ్యన మిగిలిన ఐదు కార్బన్‌ల చిన్న వలయం పక్కదానితో పోలిస్తే ఎటు తిరిగి ఉంది అన్నది రెండోది. అన్నీ ఒకే తీరుగా కూర్చుంటే ఐసోటాక్టిక్. ఒకటి ఇటు, ఒకటి అటు, వరస తప్పకుండా మారుతూ పోతే సిండియోటాక్టిక్. మల్లెమాలలో మొగ్గలన్నీ ఒకే దిక్కు చూడటం, ఒకటి విడిచి ఒకటి ఎదురు దిక్కు చూడటం అనుకో. రెండు ప్రశ్నలకీ రెండేసి జవాబులు, కాబట్టి క్రమంగా అల్లిన గొలుసులు నాలుగు రకాలు. క్రమం తప్పితే అటాక్టిక్.

నేను చెప్పిన మాలిబ్డినం చేతుల్లో నాలుగు వేర్వేరు వస్తువులు ఉన్నాయని గమనించావా? నాలుగూ వేర్వేరైతే ఆ లోహానికే అద్దంలో ప్రతిబింబాల్లాంటి కుడి ఎడమ రూపాలు వస్తాయి, నువ్వు కైరల్ కార్బన్ గురించి చదువుకున్నట్టే. వలయం ఒకటి వచ్చి విచ్చుకునేసరికి లోహం చుట్టూ అమరిక తిరగబడుతుంది. కుడి ఎడమ అవుతుంది. తరవాతి వలయం ఈసారి రెండో ముఖంతో వచ్చి చేరుతుంది, లోహం మళ్లీ కుడి అవుతుంది. మగ్గం మీద నాడె కుడి నుంచి ఎడమకి వెళ్తే, తరవాతి పోగు ఎడమ నుంచే కదా మొదలవ్వాలి? అదే పని ఇక్కడ ఒక లోహ పరమాణువు చేస్తోంది. గొలుసు తనంతట తాను ఇటూ అటూ మారుతూ సిస్, సిండియోటాక్టిక్‌గా వస్తుంది. మీ నాన్నగారికి చెప్పు, ఆయన నీకంటే ముందు తల ఊపుతారు.

సిస్ ఉండాలి, కానీ ఐసోటాక్టిక్ కావాలంటే వేరే అమరిక. ఆ నాలుగు చేతుల్లో రెండింటిని ఒకే పెద్ద బైఫినోల్ అణువుతో కట్టేస్తారు. ఆ అణువుకే కుడి ఎడమ ఉంటుంది, అది తిరగబడదు. వచ్చే ప్రతి వలయమూ అదే ముఖంతో రావాలి. 1990ల మొదట్లోనే ష్రాక్ బృందం ఇది సాధించింది.

రుథీనియంతో సిస్ రావడం ఇంకా ఆలస్యమైంది. గ్రబ్స్ బృందం 2011లో ఒక ఉత్ప్రేరకం చేసింది. అందులో అడమాంటేన్ ముద్దలోని ఒక కార్బన్‌ని నేరుగా రుథీనియంకే కట్టేశారు. దాంతో చట్రం ఏర్పడే చోటు మారిపోయి, పైన ఉన్న బెంజీన్ వలయం రెండు తోకలనూ కిందికి నొక్కుతుంది. మాలిబ్డినం గాలి, తేమ తగిలితే పాడవుతుంది. గ్లోవ్ బాక్స్, అంటే గాలి చొరబడని పెట్టె, లేకుండా దాన్ని ముట్టుకోలేం. రుథీనియం చాలా ఓర్పు గలది. సిస్ శాతం వలయాన్ని బట్టి మారుతుంది, మాలిబ్డినం అంత కచ్చితంగా రాదు. ఏది గొప్పదని అడిగితే నా ఓటు మాలిబ్డినానికే. చాలామంది మిత్రులు ఒప్పుకోరు, ఫర్వాలేదు.

ఒక హెచ్చరిక, నా అనుభవంలోంచి. ఒకసారి శుక్రవారం సాయంత్రం సైక్లోఆక్టీన్ అనే ఎనిమిది కార్బన్‌ల వలయంతో రుథీనియం ప్రయోగం పెట్టాను. అరగంటకి తీసిన నమూనాని కార్బన్ ఎన్ఎంఆర్‌లో (అణువులోని ఒక్కో రకం పరమాణువుని ఒక్కో శిఖరంగా గీసి చూపించే పరీక్ష) చూస్తే 27 పీపీఎం దగ్గర సిస్ శిఖరం చక్కగా లేచి ఉంది. సంతోషంతో సీసా అలాగే వదిలేసి ఊరెళ్లాను. సోమవారం చూస్తే 27 చిన్నదైపోయింది, 32 దాటాక వచ్చే ట్రాన్స్ శిఖరం పెద్దదైంది. వలయాలు అయిపోయాక లోహానికి పనిలేక గొలుసులోని ద్విబంధాలనే కొరకడం మొదలుపెట్టింది. కొరికి అతికించిన ప్రతిసారీ కొన్ని ట్రాన్స్‌గా మారిపోయాయి. ఎంత టెన్షన్ పడ్డానో, ఆ వారం ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. అప్పటి నుంచి, పాలిమర్ ఎంత బాగా తయారైందన్నదానితో పాటు ఎప్పుడు ఆపామన్నది కూడా నోట్‌బుక్‌లో గడియారం చూసి రాసేదాన్ని. రుథీనియం అయితే ఇథైల్ వినైల్ ఈథర్ పోసి ఆపాలి. మాలిబ్డినం అయితే బెంజాల్డిహైడ్. ల్యాబ్ అంతా బాదం వాసన వస్తే ఆ రోజు మాలిబ్డినం పని పూర్తయిందని లెక్క.

నువ్వు ఎప్పుడైనా పాలీనార్బోర్నీన్ ఎన్ఎంఆర్ చూస్తే 5.34 దగ్గర ట్రాన్స్, 5.20 దగ్గర సిస్ ప్రోటాన్‌లు కనిపిస్తాయి. రెండు శిఖరాల్లో ఒకటి లేకపోవడం చూసిన రోజు నాకు రాయి.

*ఇన్ని వలయాలు పాలిమర్ అవుతుంటే సైక్లోహెక్సీన్ ఎందుకు కాదు? ల్యాబ్‌లో సులువుగా దొరికేది అదే కదా. ఈ ప్రక్రియని తెలుగులో ఏమనాలి? – జూనియర్ లెక్చరర్, ఖమ్మం*

సైక్లోహెక్సీన్ సుఖంగా ఉంది కాబట్టి. వలయం విచ్చుకోవాలంటే అందులో బిగువు ఉండాలి. విల్లు ఎక్కుపెడితేనే బాణం వదిలినట్టు. నార్బోర్నీన్‌లో మోల్‌కి దాదాపు 27 కిలోకేలరీల బిగువు ఉంది, అందుకే అది లోహం తగలగానే విచ్చుకుంటుంది. సైక్లోపెంటీన్‌లో ఆరేడు. సైక్లోహెక్సీన్‌లో రెండున్నర దగ్గర. మామూలు పరిస్థితుల్లో దానికి గొలుసుగా మారడం వల్ల లాభం లేదు. విచ్చుకున్నా మళ్లీ మూసుకుంటుంది. ఎంత మంచి ఉత్ప్రేరకం వేసినా అంతే, ఉత్ప్రేరకం దారి సులువు చేస్తుంది గానీ ఎత్తుపల్లాలను మార్చలేదు.

పేరు గురించి: 'వలయం విచ్చుకునే మెటాథెసిస్ పాలిమరీకరణం' అని నేను రాస్తాను. 'వలయ వివృత' లాంటి మాటలు పరీక్ష పేపర్లో బరువుగా కనిపిస్తాయి గానీ పిల్లల నోట పలకవు. మెటాథెసిస్‌ని అలాగే ఉంచేస్తాను. క్లాసులో మాత్రం కోలాటంలో జతలు మారినట్టు అని చెప్పండి, వెంటనే పట్టుకుంటారు.

*ఇదంతా ఇంకో కొత్త ప్లాస్టిక్ చేయడానికేనా? ఉన్నవాటితోనే చెరువులు నిండిపోయాయి. – గృహిణి, నిజామాబాద్*

తల్లీ, మీ కోపం నాకూ ఉంది. అందుకే దాటవేయకుండా చెప్తాను. ఈ దారిలో తయారయ్యేవి ఎక్కువగా సంచులు, కప్పుల్లాంటివి కావు. డైసైక్లోపెంటడైయీన్ అనే ఇంకో వలయ పదార్థం నుంచి వచ్చే గట్టి పాలిమర్‌తో వాహనాల పెద్ద భాగాలు చేస్తారు. అది ఒకసారి గట్టిపడితే మళ్లీ కరగదు, ఆ విషయంలో మీ ఫిర్యాదు న్యాయమే. సైక్లోఆక్టీన్ నుంచి వచ్చే, దాదాపు 80 శాతం ట్రాన్స్ ఉన్న పాలిమర్‌ని వెస్టెనమర్ అనే పేరుతో అమ్ముతారు. అది 54 డిగ్రీల దగ్గర కరుగుతుంది. పాత టైర్లని పొడి చేసి మళ్లీ రబ్బరు వస్తువులుగా మలిచేటప్పుడు ఆ పొడి రేణువులను కలిపి ఉంచడానికి దీన్ని వాడతారు. చూడండి, గొలుసుల అమరిక వల్ల వచ్చిన ఆ కరిగే గుణమే ఇక్కడ పనికొచ్చింది.

నాకు ఆశ కలిగించేది మాత్రం సైక్లోపెంటీన్. దాని బిగువు తక్కువ అని పైన చెప్పాను. తయారుచేసేటప్పుడు అది ఇబ్బందే, చల్లగా, చిక్కగా ఉంచితే గానీ గొలుసు కట్టదు. కానీ అదే ఇబ్బంది తిరుగు ప్రయాణంలో వరం. ఆ పాలిమర్‌ని ద్రావణంలో పల్చగా కలిపి, కాస్త వేడి చేసి, చిటికెడు రుథీనియం ఉత్ప్రేరకం వేస్తే, లోహం గొలుసు కొస నుంచి ఒక్కొక్క వలయాన్నే విడదీసుకుంటూ వెళ్తుంది. చివరికి సీసాలో మిగిలేది మొదట పోసిన సైక్లోపెంటీనే. దాన్ని స్వేదనం చేసి మళ్లీ గొలుసు కట్టుకోవచ్చు, సిస్‌గానో ట్రాన్స్‌గానో. ఇలా వెనక్కి వచ్చే పాలిమర్ల మీద ఇప్పుడు చాలా ల్యాబ్‌లు పనిచేస్తున్నాయి. మీ ఇంటి దాకా ఇంకా రాలేదు. ఈలోగా ఆ చెరువు గురించి మీ మున్సిపాలిటీకి రాయండి, ఉత్తరం కాపీ నాకూ పంపండి, ఈ పేజీలోనే వేస్తాను.